ఖాసింబీ సాగనంపిన దారి

భద్రాచలం బస్సెక్కేవాళ్ళు సాధారణంగా రాముడి కోసం ఎక్కుతారు. మా నాయనమ్మ నాగరత్నమ్మ ఖాసింబీ కోసం ఎక్కింది. ఆమెకు అంగరక్షకుడిగా, సంచి మోసేవాడిగా, కిటికీ పక్క సీటు సాధించిపెట్టే అధికారిగా నేను వెంట వెళ్ళాను. బీకాం పాసై ఖాళీగా ఉన్న మనవడికి ఇంట్లో ఇలాంటి ఉన్నత పదవులే దొరుకుతాయి. వయసు మళ్ళినవాళ్ళను, అందులోనూ పెద్ద జబ్బు నుంచి కోలుకున్నవాళ్ళను ఆ దారిలో తీసుకెళ్ళాలనుకునేవారికి పనికొస్తుందని, నెట్ సెంటర్లో ఊగే కుర్చీ మీద ప్రాణాలకు తెగించి కూర్చుని ఇది రాస్తున్నాను.

ముందు ఖాసింబీ ఎవరో చెప్పాలి. మూడేళ్ళ కిందట నాయనమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషను అయ్యాక, మందు సీసాలు ఎక్కించాక, కరెంటు పెట్టించుకోవడానికి హైదరాబాదులోని ఒక పెద్ద దవాఖానాలో వారాల తరబడి ఉండాల్సి వచ్చింది. రేడియేషన్‌ను మా వైపు కరెంటనే అంటారు. అక్కడ పక్క మంచం ఖాసింబీది. అదే జబ్బు, ఇంచుమించు అదే వయసు. పాల్వంచ దాటాక అడవి అంచున వాళ్ళ ఊరు, పరుపులు కుట్టే కుటుంబం. అక్కడి డాక్టరమ్మ ఇద్దరికీ ఒకే మాట చెప్పింది: రోజూ నడవండి, నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడేంత తీరిక మాత్రం ఉండకూడదు. ఇద్దరూ ఆ ఆజ్ఞను శిరసావహించి వార్డు వరండాలో పొద్దునా సాయంత్రం నడిచారు. మాటలకు కరువు లేదు. ఒకరికి ముగ్గురు కోడళ్ళు, ఇంకొకరికి ఒక్కతే అయినా ముగ్గురి పెట్టు. వాళ్ళు ఎదురొస్తే నర్సులు గోడకు అతుక్కుని దారి ఇచ్చేవాళ్ళట.

ఖమ్మం తిరిగొచ్చాక ఆ నడక చిక్కిపోయింది. నాన్న కాన్వాసు బూట్లు కొనిచ్చాడు. నన్ను నడక తోడుగా నియమించారు. కొన్నాళ్ళకు నాయనమ్మ నా పనితీరు మీద నివేదిక ఇచ్చింది: "వీనితోని నడుస్తుంటే రేషన్ షాపు లైన్ల నిలబడ్డట్టుంది. ఒక్క ముచ్చట చెప్పడు, ఫోన్ నొక్కుకుంట ముందుకు ఉరుకుతడు." చివరికి ఆమె నడక వాకిలి నుంచి వీధి కుళాయి దాకా మిగిలింది. మొన్నటి చెకప్‌లో డాక్టరమ్మ ఆమె తలుపు దగ్గర్నుంచి కుర్చీ దాకా రావడం చూసి, "ఇంత నెమ్మదేమిటమ్మా? జబ్బు పోయింది, కాళ్ళలో బలం కూడా పోనిస్తే మంచాన పడతావు" అంది. నాయనమ్మ తల ఊపింది. తిరుగు బస్సులో ఒక్కటే మాట అంది. "ఖాసింబీ ఉంటే నడిచేదాన్నిరా."

ఉంటే అన్న మాట దగ్గరే మా ఇంట్లో అందరం మాట మార్చేవాళ్ళం. ఏడాది కింద ఎక్కడో కాయిన్ బాక్స్ నుంచి ఖాసింబీ ఒకసారి ఫోను చేసింది. తర్వాత చేయలేదు. తిరిగి చేద్దామంటే నంబరు లేదు. ఆ జబ్బులో ఫోను రాకపోతే దాని అర్థం ఏమై ఉంటుందో ఎవరూ పైకి అనలేదు. చలికాలం మొదలవగానే, దవాఖానాలో ఖాసింబీ చెప్పిన ఊరు, ఇల్లు గుర్తులు పట్టుకుని నాయనమ్మ సంచి సర్దుకుంది.

పొద్దున ఆరింటి బస్సు ఎక్కాం. వైరా, తల్లాడ దాటేసరికి మంచు విడిపోయి రెండు పక్కలా పత్తి చేలు తెల్లగా తేలాయి. ఏన్కూరులో బస్సు ఆగితే టీ తాగాం. డ్రైవరు నా కన్నా నిదానంగా తాగాడు కాబట్టి నాయనమ్మకు కాళ్ళు సాపుకొనే సమయం దొరికింది. మోకాళ్ళు పట్టేసేవాళ్ళు ఈ విరామాన్ని తప్పక వాడుకోండి. కొత్తగూడెంలో బస్సు మారాం. రెండు టికెట్లూ కలిపి మనిషికి డెబ్బై దాటలేదు. పాల్వంచ పొగగొట్టాలు వెనక్కి పోయాక టేకు చెట్లు రోడ్డు మీదికి వచ్చాయి, బస్సులో చలి పెరిగింది. మేం మట్టి బాట మలుపు దగ్గర ఆపమంటే కండక్టరు అడ్డం పడ్డాడు.

"ఇక్కడ దిగుడేందమ్మా? గుడి ఇంక చానా దూరముంది."

"గుడికి నువ్వు పోయిరా బిడ్డా. నాకు గిక్కడ పనుంది."

మలుపు నుంచి ఊరు రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఆటో కిరాయి ఇరవై. ఊరి మొదటి ఇళ్ళు కనబడగానే నాయనమ్మ ఆటో ఆపించింది.

"ఇంటి ముందల్నే దింపుత గద పెద్దమ్మా," అన్నాడు డ్రైవరు.

"వద్దు. నడిచొచ్చిన్నని చెప్పాలె. నువ్వు చప్పుడు చెయ్యకుంట ఎనకకు తిప్పుకో."

ఆటో చప్పుడు చేయకుండా తిరగడం ఇంతవరకు ఏ దేశంలోనూ జరగలేదు. అయినా అతను భక్తితో ప్రయత్నించాడు. నాయనమ్మ కొంగు బిగించి, ఊరేగింపు ముందు నడిచే పెద్దమనిషిలా చివరి నాలుగిళ్ళూ నడిచింది. ఇల్లు దగ్గరపడేకొద్దీ నా భుజం మీద ఆమె బరువు పెరిగింది. అది అలసటో భయమో నాకు తెలియలేదు. ఆ ఇంట్లో ఎవరుంటారో మాకింకా తెలియదు.

వసారాలో నులక మంచం మీద ఒక ముసలామె పరుపు గలేబు కుడుతోంది. తలెత్తింది. సూది ఆగింది.

"యాల్లా! వదినా!"

వాళ్ళు ఏడుస్తారనుకుని నేను మర్యాదగా పక్కకు చూశాను. ఏడవలేదు. సంతలో వంకాయలు చూసినట్టు ఒకరినొకరు తిప్పి చూసుకున్నారు.

"జుట్టొచ్చిందే నీకు!"

"నీకైతే రింగులు తిరిగింది. పిచ్చుక గూడు లెక్కనే ఉంది."

"ఫోను చెయ్యవేందే? సచ్చినవనుకున్న."

"ఆ డబ్బా తీసేసిండ్రు వదినా. నేనెందుకు సస్త? నీ కంటె ముందు సస్తనా?"

కోడలు మీరాబీ బగారన్నం, వంకాయ కూర వండింది. తింటూ ఇద్దరూ తమ తమ నడక ఘనకార్యాలు చెప్పుకున్నారు. మా నాయనమ్మ రోజూ ఖమ్మం ఖిల్లా దాకా పోయి వస్తోందట. ఖాసింబీ పొద్దుగాల వాగు దాకా, మాపటేల మళ్ళీ వాగు దాకా పోతోందట. నేను అన్నంలోకి తల దించాను. మీరాబీ చేతిలో గరిటె గాల్లో నిలిచింది.

పెరట్లో చేతులు కడుక్కుంటుంటే ఆమె నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "వాగు లేదు, ఏం లేదు తమ్మీ. ఆ మందులకు అత్త అరికాళ్ళు మొద్దుబారినయ్. కింద ఏముందో ఎర్కగాదు. వాగుకాడ ఓపాలి పడ్డది. గప్పట్నుంచి మా ఆయన గడప దాటనిస్తలేడు. కూసోనే ఉంటది. నీళ్ళ చెంబు గూడ నేనే ఇస్త."

"మా నాయనమ్మ ఖిల్లా మా వీధి కుళాయే వదినా," అన్నాను. ఇరుపక్షాల ప్రతినిధులుగా మేమిద్దరం అక్కడే మౌన ఒప్పందం చేసుకున్నాం.

సాయంత్రం ఆఖరి బస్సు ఐదున్నర ప్రాంతంలో మలుపు దగ్గరికి వస్తుంది. ఎండ వాలాక నాయనమ్మ లేచింది. ఆటో పిలుద్దామంటే ఒప్పుకోలేదు. పొద్దున నడిచొచ్చిన మనిషి కదా. అప్పుడు ఖాసింబీ కూడా మంచం పట్టె పట్టుకుని లేచింది.

"నువ్వెక్కడికి అత్తా? కూసో. నేను పోయి ఎక్కిచ్చొస్త," అంది మీరాబీ.

"ఆమె నీ చుట్టమా, నా చుట్టమా? ఇంటికొచ్చిన మనిషిని గడపల నుంచే పంపిస్తరా? సాగనంపొద్దా?"

మీరాబీ లోపలికి వెళ్ళి మాకివ్వడానికి ఒక కొత్త దిండు తెచ్చింది. ఖాసింబీ చెప్పుల్లో కాలు పెట్టబోయింది. కాలు చెప్పు పక్కన నేల మీద పడింది. ఆమెకు తెలియలేదు. మా నాయనమ్మ చూసింది. వంగి, ఆ కాలు తీసి చెప్పులో పెట్టి, తన చేయి ఆమె చేతిలో దూర్చింది.

బాట మీద ముందు వాళ్ళిద్దరు, వెనక సంచితో నేను, దిండుతో మీరాబీ. నాలుగడుగులు వేశాక నాయనమ్మ గొంతు వినిపించింది.

"రాయుంది."

"కనవడ్తంది లే."

"గుంతుంది. ఎడమకు రా. కాళ్ళు మొద్దుబారినయంటె చెప్పవేందే?"

"నువ్వు ఆటోల వచ్చినవని చెప్పినవా? నాకు కాళ్ళు పోయినయ్ గని చెవులు పోలే."

ఇద్దరూ నడి బాటలో ఆగి, ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఆ నవ్వు తగ్గాక వాళ్ళకు మళ్ళీ మాటలు వచ్చాయి. అసలు మాటలు. మళ్ళీ వస్తుందేమో అని రాత్రుళ్ళు చంక తడుముకోవడం. ఇంట్లోవాళ్ళు గాజు గ్లాసును పట్టుకున్నట్టు పట్టుకోవడం. మధ్య మధ్య రాయి, వేరు, గుంత. కట్టెల మోపులతో ఎదురొచ్చిన కోయ ఆడవాళ్ళలో ఒకామె తమ భాషలో ఏదో అంది. ఖాసింబీ కూడా ఆ భాషలోనే గట్టిగా జవాబిచ్చింది.

"ఏమన్నది?" అడిగింది నాయనమ్మ.

"పెళ్ళికూతుర్ని తోల్కపోతున్నవా, గట్ల పట్టుకున్నవ్ అంటంది. అవ్, పెళ్ళికొడుకు ఎనకాల సంచి మోస్తుండు అన్న."

నేను హుందాగా సంచి భుజం మార్చుకున్నాను. కొంచెం ముందుకు వెళ్ళాక ఖాసింబీ ఏదో పాత పాట కూనిరాగం తీసింది. నాయనమ్మ వెంటనే ఆమె చేయి లాగింది.

"పాటొస్తంది! మెల్లగ నడుస్తున్నం. జల్దీ నడువ్."

అప్పుడు చూశాను వాళ్ళ నడకను. నేను అడుగు కొంచెం పెద్దది వేయాల్సి వచ్చింది. మూడేళ్ళుగా మా ఇంట్లో ఎవరం చూడని నాయనమ్మ ముందు పోతోంది, భుజాలు నిటారుగా, చెంగు ఎగురుతూ. ఆమె ఇన్నాళ్ళూ దేని కోసం బెంగ పెట్టుకుందో నాకు అర్థమైంది. మేమేమో బూట్లు కొనిచ్చాం.

తారు రోడ్డు వచ్చింది. ఇద్దరూ కల్వర్టు మీద కూర్చుని రొప్పారు. టేకు చెట్ల మీద ఎండ ఎర్రబడింది. బస్సు రావాల్సిన వేళ దగ్గరపడుతుంటే నాయనమ్మ ఉన్నట్టుండి అడిగింది. "మరి నువ్వెట్ల పోతవ్?"

"వచ్చినట్టే."

"రాయుందని ఎవరు చెప్తరు?"

"నేను లేనా పెద్దమ్మా? నేను తీస్కపోత," అంది మీరాబీ.

"నువ్వు ఎత్తుకపోతవ్ బిడ్డా. ఆమెను నడిపియ్యాలె. నాతోని రా, ఎట్లనో చూపిస్త. సగం దాక దిగబెట్టి ఉరికొస్త." నాయనమ్మ అలా ఉరికి పాతికేళ్ళయి ఉంటుంది. అయినా ముగ్గురూ వెనక్కి తిరిగారు. ఈసారి ఖాసింబీకి ఒక పక్క నాయనమ్మ, ఇంకో పక్క దిండు నాకిచ్చేసిన మీరాబీ.

వాళ్ళు చెట్ల నీడలో చిన్నగా అవుతుండగా మలుపులో బస్సు లైట్లు కనబడ్డాయి. అలవాటుగా చెయ్యెత్తాను. బస్సు ఆగింది. పిలిస్తే వినబడేంత దూరంలోనే ఉన్నారు. నాయనమ్మ గొంతు నాకు వినిపిస్తూనే ఉంది: "లాగకు బిడ్డా, చెప్పు. చెప్తె ఆమెనే అడుగేస్తది."

"ఎక్కుతవా, ఎక్కవా?" అన్నాడు కండక్టరు.

"లేదన్నా. పోండి."

"మరి చెయ్యెందుకెత్తినవ్?"

"టాటా చెప్పిన."

అతను నా వంశం గురించి ఒక మాట అని రైట్ రైట్ అన్నాడు. నేను దిండు, సంచి పట్టుకుని వాళ్ళ వెనకే నడిచాను.

ఆ రాత్రి ఖాసింబీ కొడుకు కుట్టిన పరుపు మీద పడుకున్నాం. పొద్దున మళ్ళీ అందరం మలుపు దాకా నడిచి మొదటి బస్సు ఎక్కాం. కిందికి చూస్తే ఖాసింబీ కోడలి పక్కన నిలబడి ఉంది. ఆమె చేయి కోడలి చేతిలో లేదు, భుజం మీద ఉంది. బస్సు మలుపు తిరిగేదాకా నాయనమ్మ కిటికీ ఊచ వదల్లేదు. ఆ తర్వాత కూడా చాలాసేపు వదల్లేదు.

ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవారికి నా సలహా ఒక్కటే: వెళ్ళిన రోజే తిరిగి రావాలనుకోకండి. మందుల డబ్బా, ఒక జత బట్టలు సంచిలో వేసుకుని, సాయంత్రం బస్సు సంగతి మరిచిపోండి. సాగనంపడానికి ఎవరైనా లేస్తే కూర్చోమనకండి.

అక్కడి నుంచి వచ్చాక నాయనమ్మ రోజూ సాయంత్రం నడుస్తోంది. కుళాయి దాటింది, వీధి చివర దాటింది, ఖిల్లా మాత్రం ఇంకా దూరం. నేను ఫోను ఇంట్లో పెట్టి వెళ్తున్నాను. నాకు తెలిసిన ముచ్చట్లన్నీ చెబుతున్నాను. మర్యాదకు వింటుంది. కానీ ఖాసింబీ ఉన్నది నాలుగు గంటల బస్సు దూరంలో, ఆ దూరాన్ని నేను ఎంత మాట్లాడినా తగ్గించలేను. నిన్న మున్సిపాలిటీ వాళ్ళు తవ్వి వదిలేసిన చోట ఆమె నెమ్మదిగా, "గుంతుంది, ఇటు రా" అంది.

"నాకు కనబడుతుంది నాయనమ్మా," అన్నాను.

"నీకు కాదురా చెప్పేది," అంది.