ఫ్యాను కింద కుర్చీ

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టే వయసు నాకింకా రాలేదని మా ఆవిడ అంటుంది. ఆవిడ మాట నిజమే కావచ్చు. కానీ తిరువూరులో వార్డు సచివాలయంలో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ వేసవిని తలచుకుంటే, అక్కడ కూర్చుని వణికినవాడు నేను కాదనీ, ఎవరో దూరపు చుట్టం కుర్రాడనీ అనిపిస్తుంది. ఆ కుర్రాడికి ఎండంటే భయం లేదు, చీకటంటే భయం లేదు, పామంటే కూడా పెద్ద భయం లేదు (రెడ్డిగూడెం మామిడి తోటల్లో పెరిగినవాడికి పాము ఇరుగుపొరుగు లాంటిదే). వాడికి ఉన్న భయమల్లా ఒక్కటే, మనుషులు. నలుగురు ఒక్కసారి తనవైపు చూశారంటే నాలుక అంగిటికి అతుక్కుపోయేది. బడిలో జెండా పండగనాడు మైకు ముందు 'అందరికీ నమస్కారం' అని, ఆ తర్వాత ఏం చెప్పాలో తోచక మళ్ళీ 'అందరికీ నమస్కారం' అని దిగివచ్చిన ఘనత వాడిది. అలాంటివాడికి దేవుడు పింఛన్ల సీటు ఇచ్చాడు. రాత పరీక్షతో వచ్చింది కాబట్టి సరిపోయింది గానీ, నోరు తెరిచి సంపాదించాల్సిన ఉద్యోగమైతే ఇప్పటికీ తోటలో కాయలు కోస్తూ ఉండేవాణ్ణి.

మా ఆఫీసులో కుర్చీలకు కొదవ లేదు, మనుషులకే కొదవ. ఒకావిడ కాన్పు సెలవులో ఉంది. ఒకాయన బదిలీ మీద వెళ్ళాడు, ఆయన స్థానంలో ఎవరూ రాలేదు. ఇంకో అబ్బాయికి కంప్యూటరు బాగా వచ్చని తెలిసి మా పైఆఫీసు పెద్దసారు తన దగ్గరికి తీసుకుపోయాడు (పని వచ్చినవాణ్ణి చిన్న ఆఫీసులో ఎక్కువకాలం నిలవనివ్వరు). చివరికి మిగిలింది నేనూ, శానిటేషన్ పని చూసే అన్నా. అన్న తెల్లవారుజామున లేచి వీధులు ఊడ్పించి, మా ఆఫీసుకి వచ్చేసరికి కళ్ళు తెరిచే నిద్రపోతూ ఉండేవాడు. పింఛన్లు, బియ్యం కార్డులు, ఇళ్ళ స్థలాలు, ఆదాయం సర్టిఫికెట్లు అన్నీ నా నెత్తినే పడ్డాయి. కొత్త పథకం గురించి టీవీలో చెప్పిన మర్నాడు వీధంతా నా బల్ల ముందుండేది. ఉన్న పథకంలో కోత పడుతుందన్న పుకారు పుడితే దానికి రెట్టింపు వచ్చేది.

అర్జీలు పట్టుకుని గోల చేసే జనానికి ఎలాగో అలవాటుపడ్డాను. కానీ ఎండలు ముదిరాక వేరే రకం జనం రావడం మొదలైంది. వాళ్ళ చేతుల్లో కాగితాలు ఉండవు. ఏమీ అడగరు. తలుపు తీయగానే లోపలికి వచ్చి నా కుర్చీకి ఎదురుగా, వీలైనంత దగ్గరగా నేలమీద చతికిలబడతారు. ముసలమ్మలు, తాతలు, ఒకరిద్దరు బాలింతలు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కదలరు. పోనీ ఊరికే కూర్చుంటారా అంటే, మెడలు పైకెత్తి నావైపే చూస్తూ ఉంటారు. అంతకన్నా భయంకరమైన సంగతి ఇంకోటుంది. నా బల్ల పక్కన గోడకి ప్లగ్గులబోర్డు ఉండేది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఫోన్లు తీసి ఆ బోర్డు పక్క గట్టు మీద వరసగా నిలబెట్టేవాళ్ళు. అన్నీ నా ముఖంవైపే. నన్ను వీడియో తీస్తున్నారని నాకు రూఢి అయిపోయింది. ఎక్కడో ఒక ఉద్యోగి ముసలాయన మీద విసుక్కుంటే ఆ వీడియో జిల్లా అంతా తిరిగిందని అప్పుడే విన్నాను. ఇక ఆవలింత వచ్చినా ఫైలు అడ్డం పెట్టుకునేవాణ్ణి. మధ్యాహ్నం అన్నం క్యారేజీ విప్పి, ఇంతమంది ముందు తినడమెలాగో తెలియక మళ్ళీ మూసేసేవాణ్ణి.

"అన్నా, వీళ్ళు ఏమీ అడగట్లేదెందుకని?" అన్నాను ఒకరోజు, పెదాలు కదలకుండా.

"అడిగితే భయపడతావు, అడక్కపోయినా భయపడతావు. నీకు ఏం కావాలో ముందు అది తేల్చుకో తమ్ముడూ," అన్నాడు అన్న, మూసుకుపోతున్న కళ్ళు మూసుకోనిస్తూ.

ఇంటికి వెళితే ముద్ద దిగేది కాదు. మా అమ్మ నా ముఖం చూసి, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. "ఊరందరి కళ్ళూ నీ మీదే ఉన్నాయిరా," అంది. నాకు ఇంకా భయమేసింది, ఎందుకంటే ఆ సంగతి నేను ఆమెకి చెప్పలేదు. రోజురోజుకీ జనం పెరుగుతున్నారు. వీళ్ళు ఏదో రోజున ఒక్కసారిగా లేచి నన్ను లోపలేసి గడియ పెడతారని నా అనుమానం. చివరికి ధైర్యం చేసి (అంటే భయం భరించలేక) పైఆఫీసుకి ఒక వినతి రాశాను. లబ్ధిదారుల రద్దీ విపరీతంగా పెరిగిందనీ, ఒక్కడివల్ల కావడం లేదనీ, కనీసం ఇద్దరు మనుషుల్ని పంపమనీ. మనుషులు రాలేదు. రద్దీ ఎలా ఉందో స్వయంగా చూస్తానని పెద్దసారే వస్తున్నట్టు కబురు వచ్చింది.

ఆయన వచ్చే రోజు పొద్దున్నే నాకు చెమటలు పట్టాయి. 'వీళ్ళకేం కావాలయ్యా' అని సారు అడిగితే నేనేం చెప్పాలి? అన్నాళ్ళూ ఒక్కరినైనా అడిగిన పాపాన పోలేదు. ముందు వరసలో రోజూ కూర్చునే సుర్మా నానమ్మ దగ్గరికి వెళ్ళాను. (వీధిలో పుట్టిన ప్రతి బిడ్డకీ, ఏ ఇంటి బిడ్డ అయినా, కళ్ళకి సుర్మా పెట్టేది ఆవిడే. అందుకని అందరికీ సుర్మా నానమ్మ. భర్త టైలరు, పోయి చాలాకాలమైంది. వితంతు పింఛనే ఆధారం.)

"నానమ్మా, మీరు ఏ పని మీద వస్తున్నారు?" అన్నాను.

"పనేముంది నాయనా. గాలి కోసం వస్తన్నాం," అంది.

నాకు అర్థం కాలేదు. ఆవిడ వేలు పైకి చూపించింది. తల ఎత్తి చూశాను. సరిగ్గా నా కుర్చీ పైన ఫ్యాను తిరుగుతోంది. మా హాల్లో పనిచేసే ఫ్యాను అదొక్కటే. ఇన్నాళ్ళూ వాళ్ళు చూసింది నన్ను కాదు. ఫోన్ల దగ్గరికి వెళ్ళి చూస్తే ప్రతిదానికీ వెనక ఛార్జరు తీగ ఉంది. వీడియో లేదు, ఏమీ లేదు. ఒక్క క్షణం ప్రాణం లేచివచ్చింది, మరుక్షణం ఎందుకో చిన్నబోయినట్టయింది.

"మీ ఇంట్లో ఫ్యాను లేదా నానమ్మా?"

"ఉంది. వెయ్యాలంటే గుండె దడ నాయనా," అని గొంతు తగ్గించి చెప్పింది. ఆవిడ ఇంట్లో మూడు వాటాలు. ఒకదాంట్లో ఆవిడ, ఒకదాంట్లో కూలరు ఉన్న లారీ డ్రైవరు కుటుంబం, ఇంకోదాంట్లో మోటారు మిషను మీద జాకెట్లు కుట్టే అమ్మాయి. మూడు వాటాలకీ మీటరు ఒక్కటే, అది నానమ్మ పేరు మీద. కరెంటు వాడకం హద్దు దాటిన ఇంటికి పింఛను ఆగిపోతుందని ఎవరో చెప్పారు. అద్దెకున్నవాళ్ళని కరెంటు వాడొద్దనలేదు, వాళ్ళ అద్దె పోతే కూరకి ఉండదు. అందుకని తన వాటాలో ఉన్న ఒక్క బల్బూ, ఒక్క ఫ్యానూ ఆపేసి, తలుపుకి తాళం పెట్టి మా ఆఫీసుకి వస్తోంది. మిగిలినవాళ్ళ కథలూ కొంచెం అటూ ఇటూగా అవే. "పోయిన నెల హద్దు పక్కదాకా వచ్చి ఆగిందంట. ఈ నెల కూలరు ఎక్కువ తిరిగింది. సారుకి మాత్రం చెప్పమాకు నాయనా. చెప్తే ఇయ్యాళే తీసేస్తాడు," అంది. చెప్పనని మాట ఇచ్చాను. ఆవిడ ఆ మాటే నా చేత మళ్ళీ చెప్పించుకున్నాక, అన్నాళ్ళూ నేను పడ్డది అసలు భయమే కాదని తెలిసింది.

అంతలోనే జీపు వచ్చి ఆగింది. పెద్దసారు కాలరు కింద రుమాలు దోపుకుని లోపలికి వచ్చి, హాలంతా కలయజూసి, "ఏమయ్యా, నువ్వు రాసింది తక్కువే. ఇంతమందా," అన్నాడు. నా గుండె కొంచెం కుదుటపడింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను నెమ్మదించింది. రెక్కలు విడివిడిగా కనపడేసరికి జనం లేచారు. ఎవరి ఫోను వాళ్ళు తీసుకున్నారు. మాటా పలుకూ లేకుండా అందరూ బయటికి నడిచి, ప్రహరీ నీడలో వరసగా కూర్చున్నారు. హాల్లో సారూ, నేనూ, కళ్ళు తెరిచి నిద్రపోతున్న అన్నా మిగిలాం.

"నన్ను చూసి పోయారా?" అన్నాడు సారు.

"లేదు సార్. కరెంటు పోయింది సార్."

"కరెంటు పోతే అర్జీలు కూడా పోతాయా?"

అంతలో కరెంటు వచ్చింది. జనమూ వచ్చారు. ఫోన్లు తగిలించి, ఎవరి చోట వాళ్ళు కూర్చుని, మెడలెత్తారు. సారు వాళ్ళని చూసి, ఫ్యానుని చూసి, చివరికి నన్ను చూశాడు. ఆ చూపులో నా ఉద్యోగం ఊగిసలాడడం నాకు కనిపించింది. ఆయన నానమ్మవైపు తిరిగి, "మీ ఇంట్లో ఫ్యాను లేదామ్మా?" అన్నాడు. నానమ్మ కొంగు ముఖానికి లాక్కుని నావైపు చూసింది. హాల్లో ఉన్న అందరూ చూశారు. ఈసారి మాత్రం నిజంగా నన్నే చూశారు. నోరు విప్పితే ఆవిడ పింఛను పోతుందేమో, విప్పకపోతే దొంగ వినతి రాసినందుకు నేను పోతాను. ఏం చేయాలో తేల్చుకోకముందే, మైకు ముందు రెండుసార్లు నమస్కారం పెట్టిన ఆ నోరు తనంతట తానే తెరుచుకుంది.

"ఫ్యాను ఉంది సార్. వేసుకోవడానికి భయం సార్," అన్నాను. ఇక ఆగలేదు. మూడు వాటాలు, ఒక మీటరు, కూలరు, తాళం, అన్నీ చెప్పేశాను. చెప్పడం అయ్యాక నానమ్మ ముఖం చూసే ధైర్యం లేక నేలవైపు చూశాను.

సారు తల ఎత్తి ఫ్యాను వంక మరోసారి చూశాడు. తర్వాత, "వాటాలకి వేరే మీటర్లు పెట్టించుకోవచ్చని ఈమెకి ఎవరూ చెప్పలేదా?" అన్నాడు.

"చెప్పాల్సిన సీటు ఖాళీగా ఉంది సార్," అన్నాను. ఖాళీ కుర్చీల్లో ఒకదాని మనిషి, ఆ కంప్యూటరు అబ్బాయి, బయట సారు జీపులోనే ఫైళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. సారు కిటికీలోంచి అటు చూసి, రుమాలు తీసి మెడ తుడుచుకుని, "చూద్దాం. ముందు ఈమె సంగతి నువ్వు చూడు. పింఛను ఆగకుండా నేను రాస్తాను," అన్నాడు. నానమ్మ నమ్మలేదు. ఆమాటకొస్తే నేనూ నమ్మలేదు.

ఇద్దరు మనుషుల్ని అడిగితే వారం తిరక్కుండా పైఆఫీసు నుంచి ఇంకో ఫ్యాను వచ్చింది. మనుషులు మాత్రం రాలేదు. కొత్త ఫ్యాను సంగతి పక్క వీధికి పాకి జనం ఇంకా పెరిగారు. నేను నానమ్మ కాగితాలు పట్టుకుని కరెంటు ఆఫీసు చుట్టూ తిరిగాను. అక్కడా కుర్చీలే ఎక్కువ. మీటర్లు విడిపోయేసరికి ఎండలు తగ్గుముఖం పట్టాయి. ఆ పై నెల మొదటి తారీఖున పింఛను ఇవ్వడానికి నేనే వెళ్ళాను. వస్తుందో రాదో అని నానమ్మ రాత్రంతా నిద్రపోలేదట. నేనూ నిద్రపోలేదు, అది ఆవిడకి చెప్పలేదు. డబ్బు చేతిలో పెట్టాక చూస్తే గదిలో ఉక్కపోత, ఫ్యాను కదలడం లేదు.

"ఇంకా ఎందుకు నానమ్మా భయం?" అని లేచి నేనే స్విచ్చి వేశాను. ఫ్యాను కిర్రుమని తిరిగింది. నానమ్మ ఫ్యానువైపు చూడలేదు. గుండె మీద చెయ్యి పెట్టుకుని, గుమ్మం పక్కనున్న కొత్త మీటరువైపు చూస్తూ ఉండిపోయింది. నేనూ పక్కనే నిలబడి, అంకెలు కదులుతాయేమోనని ఊపిరి బిగబట్టి చూశాను. చాలాసేపటికి ఆవిడ, "నెమ్మదిగానే తిరుగుతోంది కదా నాయనా," అని మంచం మీద కూర్చుంది. ఆ గాలికి ఆవిడ కొంగు కదిలింది.

ఇప్పుడు ఎ.కొండూరు వైపు పనిచేస్తున్నాను. మీటింగుల్లో మాట్లాడతాను కూడా, అందరికీ ఒక్కసారే నమస్కారం పెట్టి. ఎదురుగా కూర్చున్నవాళ్ళు రెప్ప వేయకుండా నావైపే చూస్తుంటే, ఆ పాత కుర్రాడు లోపల ఒక్కసారి ఉలిక్కిపడతాడు. అప్పుడు మెల్లిగా తల ఎత్తి పైన ఫ్యాను ఉందేమో చూసుకుంటాను. ఉంటే, నా కుర్చీ కొంచెం పక్కకి జరుపుకుంటాను.