మర్ఫా భాయ్ కుడిచెయ్యి

పోయిన గురువారం పొద్దున పక్కింటి కోడలు గోడ మీది నుంచి పిలిచి చెప్పింది. "అత్తమ్మా, మర్ఫా భాయ్ పోయిండట. నిద్రల్నే పోయిండట." పొయ్యి మీది పాలగిన్నె దించి, బార్కస్‌లో మా వీధి చివరనున్న ఆయన ఇంటి దాకా నడిచి వెళ్ళి చూసి వచ్చాను. వాకిట్లో మనుషులు పట్టడం లేదు. వాళ్ళలో సగం మంది పెళ్ళిళ్ళకు ఆయనే మర్ఫా కొట్టి ఉంటాడు. ఒకరు ఏడుస్తూనే ఆయన సంగతి ఏదో చెప్పడం, పక్కవాళ్ళు నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకోవడం. ఆయన అలాంటి మనిషి.

మర్ఫా తెలియనివాళ్ళ కోసం చెబుతాను. అది భుజానికి తగిలించుకునే గిన్నె లాంటి డోలు. ఒక చేత్తో కర్ర పట్టి, రెండో చేతి వేళ్ళు కలిపి కొడతారు. పాతబస్తీలో బారాత్, అంటే పెళ్ళికొడుకు ఊరేగింపు, వస్తోందంటే గుర్రం కన్నా ముందు మర్ఫా వినబడాలి. పదిమంది ఉన్న మేళానికి ఆయన పెద్ద. బయలుదేరే ముందు చిత్తుకాగితాలు మంట వేసి, తోలును కాచి, చెవి దగ్గర పెట్టుకుని, కూరలో ఉప్పు సరిచూసినట్టు తల ఊపేవాడు.

మా అత్తగారు మంచాన పడిన ఏడాది, ఏ బారాత్ అయినా మా ఇంటి ముందుకు రాగానే ఆయన మర్ఫా ఆపించేవాడు. నలభై అడుగులు నిశ్శబ్దంగా నడిచేవారు. కిటికీలోంచి లెక్కపెట్టేదాన్ని, ఒక్కసారి కూడా ముప్పైతొమ్మిది కాలేదు. పెళ్ళివారు లొల్లి చేసేవారు. "ఏం భాయ్, చేతులు పడిపోయినయా?" అని అరిచేవారు. ఆయన పట్టించుకునేవాడు కాదు. ఒకసారి నేను గేటు దగ్గర నిలబడి నా కృతజ్ఞత చెప్పుకుంటే, "దరువుకేమైతది టీచరమ్మా, జరంత ముందట మళ్ల దొరుకుతది" అన్నాడు.

ఆయనది ఎడమచేతి వాటం. తిండి, సలాం కుడిచేత్తోనే. కర్ర మాత్రం ఎడమచేతిలోకి వెళ్ళేది. అది ఆయన తల్లికి పెద్ద బాధ. ఆమెను అందరం ఖాలా, అంటే పిన్నమ్మ, అనేవాళ్ళం. జామతోటల్లో ఆడకూలీలతో పనిచేయించి చేయించి, ఆమె తెలుగు మాకంటే పదునెక్కింది. "అంత మందిల ఎడమచెయ్యి ఊపుకుంట పోతవు, నన్నేమంటరురా జనం?" అని కొడుకును రోజూ సాధించేది. "అమ్మీ, కర్రనే అటు పోతది, నేనేం చెయ్యాలె?" అని ఆయన తప్పించుకునేవాడు.

డెబ్బైలలో, నేను మా వీధి ప్రాథమిక బడిలో లెక్కలు చెబుతున్న రోజుల్లో, డాక్యుమెంటరీ తీసేవాళ్ళు నలుగురు బొంబాయి నుంచి వచ్చారు. నగరంలోని పెళ్ళి సంగీతం మీద సినిమా. మర్ఫా భాయ్ మేళాన్ని ఒక బారాత్‌లో తీస్తామన్నారు. అది వినగానే ఖాలా కొడుకును ఎదురుగా నిలబెట్టింది. "దునియా అంతా చూస్తది. కెమెరా ముందల కుడిచేత్తో కొట్టు. లేకుంటే నీ చేతి నీళ్ళు ముట్ట" అని ఒట్టు వేయించుకుంది. రోజూ అన్నం తిన్నాక కొడుకు తెచ్చిచ్చే మంచినీళ్ళు తప్ప ఆమె తాగేది కాదు. మాట అంటే వెనక్కి తీసుకునే మనిషి కూడా కాదు. సొంత చెల్లెలితో పదకొండేళ్ళు మాట్లాడలేదు.

కొన్ని నెలలకు కబురు వచ్చింది. సినిమా తయారైంది, మీ వీధివాళ్ళకే ముందు చూపిస్తాం, సినిమా బండి పంపుతున్నాం అని. వీధి అంతా సంబరపడింది. మర్ఫా భాయ్ మాత్రం మధ్యాహ్నం బడి గేటు దగ్గర నా కోసం నిలబడి ఉన్నాడు.

"టీచరమ్మా, ఆ దినం అమ్మీని మీ ఇంట్ల కూసోబెట్టుకోరాదు?"

"ఎందుకు?"

"కుడిచేత్తోనే షురూ చేసిన. నాలుగు దెబ్బలు పడ్డయో లేదో, పెండ్లికొడుకు గుర్రం గూడ ఆగి నా దిక్కు చూసింది. గట్ల కొడితే అది బారాత్ అయితదా? కర్ర ఎప్పుడు చెయ్యి మారిందో నాకే తెల్వదు. సినిమాల అంతా గదే ఉంటది."

"పోయి ఆమెకే చెప్పు. అబద్ధాలకు నేను తోడు రాను" అన్నాను.

"మీరు లెక్కల టీచరు గాక ఇంకేమైతరు తియ్యి" అని నవ్వి వెళ్ళిపోయాడు. తల్లికి మాత్రం చెప్పలేదు.

ఆ రోజు పొద్దుగూకి మగ్రిబ్ నమాజు కాగానే బడి ముందరి మైదానం నిండిపోయింది. మా దగ్గర వీధి సినిమా పద్ధతి వేరు. రెండు తెల్ల దుప్పట్లు కలిపి కుట్టి, మైదానం నడిమధ్య కట్టేవారు. బొమ్మ వేసే మిషను, మగవాళ్ళు ఒక పక్క. ఆడవాళ్ళందరం తెరకు అవతలి పక్క. బిందెలతో నీళ్ళు కొట్టి గుడ్డను తడిపితే బొమ్మ మా వైపుకు కూడా స్పష్టంగా దిగుతుంది. ఆ తడిపే పని ఎప్పుడూ మర్ఫా భాయ్‌దే. ఆ రోజు అరబిందె చిలకరించి చాలన్నాడు.

"ఇంకో రెండు బిందెలు పొయ్యిరా! నీ మొహం కనబడాలె గద!" అని ఖాలా ఇటునుంచి కేక వేసింది. పాపం, పోశాడు. తెర కన్నా ఆయన చొక్కా ఎక్కువ తడిసింది.

సినిమా మొదలైంది. ముందు వచ్చిన అక్షరాలు మాకు అద్దంలోలా తిరగబడి కనబడ్డాయి. సంగతి నాకు అప్పుడు తట్టింది. చార్మినార్ ఎటు చూసినా ఒకటే కనుక ఎవరూ ఏమీ అనలేదు. లాడ్ బజార్ వచ్చింది, గాజులు మెరిశాయి, ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ తరవాత బారాత్. మేళం నడుమ మర్ఫా భాయ్, మా తెర మీద కర్ర కుడిచేతిలో!

ఖాలా లేచి నిలబడింది. "చూసిన్రా? సీదా చెయ్యి! మిగిలిన తొమ్మిది మంది ఎడమచేతోళ్ళే, నా కొడుకు ఒక్కడే సీదా!"

మేళంలో ఇంకొకాయన భార్య ఊరుకోలేదు. "ఏంది ఖాలా, మా ఆయన ఎప్పట్నుంచి ఎడమచేతోడు? ఏదో ఉల్టా ఉన్నది దీంట్ల!"

"నీ మొగుని సంగతి నాకేం తెలుసు, ఇంటికి పోయినంక ఆయన్నే అడుగు" అంది ఖాలా. అనేసిందే గాని, గొంతులో జోరు తగ్గింది. తెర వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. "టీచరమ్మా, నువ్వు అబద్ధమాడవు. చెప్పు, నా కొడుకు ఏ చేత్తో కొడుతుండు?"

ఆడవాళ్ళందరూ నా వైపు తిరిగారు.

"తెర మీద నాకైతే కుడిచేత్తోనే కనబడుతున్నాడు, ఖాలా" అన్నాను.

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. ఇప్పటికీ ఎవరైనా సరిచూసుకోవచ్చు.

ఇప్పుడు మా వీధిలో ఆ సినిమా గంటన్నర నడిచిందని చెప్పుకుంటారు. నా చేతికి గడియారం ఉంది; పద్దెనిమిది నిమిషాలు. కాకపోతే వెంటనే రెండోసారి వేయించారు. ఖాలా ఆ తరవాత తొమ్మిదేళ్ళు బతికింది, ఆఖరి గుక్క దాకా కొడుకు చేతి నీళ్ళే తాగింది. ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఇద్దరూ పోయారు కనుక నేనిప్పుడు రాస్తున్నాను. ఏటా రంజాన్ పండగనాడు షీర్ ఖుర్మా పాయసం మొదటి గిన్నె మా ఇంటికే వచ్చేది. ఎందుకని నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

రెండోసారి సినిమా నడుస్తుండగా ఖాలా కొడుకును పిలిపించింది. తెర అంచు దగ్గర, వస్తున్నానని తెలిసేలా దగ్గి, తల వంచుకుని, తప్పు చేసి దొరికిన పిల్లవాడిలా వచ్చాడు. ఆమె ఆయన కుడిచేతిని రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకుంది, ముద్దు పెట్టుకుంది, చాలక పైకెత్తి అందరికీ చూపించింది. ఆడవాళ్ళు కేరింతలు కొట్టారు. ఆయన బిత్తరపోయి నిలబడ్డాడు. నేను ఆయన వెనక ఉన్నాను. తెర మీద బారాత్ ఊపందుకుంది. వీపు వెనక దాచుకున్న ఎడమచేతి వేళ్ళు, తడి చొక్కా మీద, ఒక్క దెబ్బ తప్పకుండా కొడుతూనే ఉన్నాయి.