ఎవరిదీ కాని గొయ్యి

అండాలమ్మకు ఆఫీసు అన్న మాట వింటేనే ఒళ్ళు కంపరమెత్తేది. నల్లగొండ పల్లె నుంచి వచ్చి, ఎల్బీనగర్‌లో విజయవాడ హైవే పక్కన మిర్చి బజ్జీల బండి పెట్టుకుని బతికిన మనిషి ఆమె. ఆ బండి దగ్గరే మురుగుకాలువ మూత విరిగి గొయ్యి పడింది. చూపు మందగించిన మొగుడు దశరథ సాయంత్రం కర్ర పొడుచుకుంటూ వచ్చేది ఆ దారినే. ఒకసారి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. మళ్ళీ పడితే మనిషి దక్కడని ఆమె భయం.

మూత వేయించమని ఆమె ఎక్కని గడప లేదు. మున్సిపాలిటీవాళ్ళు "రోడ్డు ఢిల్లీవాళ్ళది, మేం ముట్టుకోకూడదు" అన్నారు. పెద్దరోడ్డు ఇంజనీరు "రోడ్డే మాది, కింద పారే మురుగు మీ పట్నంవాళ్ళది" అన్నాడు. చీ, వీళ్ళ చదువులు తగలెయ్య! దశరథ ఢిల్లీలో పడ్డాడా, హైదరాబాదులో పడ్డాడా అని కొలిచేటట్టున్నారు.

పక్కన జిరాక్సు కొట్టు జోగారావు, గుంటూరాయన, సర్దిచెప్పబోయాడు. "అధికారాలు పంచుకున్నారమ్మా. కొన్ని కేంద్రానివి, కొన్ని రాష్ట్రానివి."

"పంచుకున్నోళ్ళకు గీ బొంద ఒక్కటి ఎవ్వలకొద్దా సారూ?"

చివరికి ఇంటిముందు బట్టలుతికే షాబాదు బండను ఆటోలో తెచ్చి తానే గొయ్యి మీద కప్పింది. అప్పటినుంచి కంటినిండా నిద్రపోయింది.

ఆ రోజుల్లోనే తెలంగాణ కోసం వంటావార్పు పిలుపొచ్చింది. రోడ్డు మీదే వండుకుని, అక్కడే తిని, రాకపోకలు ఆపాలి. కాలనీ ఆడవాళ్ళు గిన్నెలతో కదిలారు. చదునుగా ఉంది కదా అని అండాలమ్మ తన బండ మీదే మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజేసింది. అదే ఆమె చేసిన పొరపాటు.

ఎసరు మరిగేలోపే జీపులు దిగాయి. పోలీసులు, మున్సిపాలిటీ, ఆ ఇంజనీరు, అందరూ ఒక్కటై వచ్చారు. "మా రోడ్డు మీద బండెవరు వేశారు?" అని ఒకడు, "మా కాలువ మూసిందెవరు?" అని ఇంకొకడు.

"ఓయమ్మో! నిన్నటిదాక ఎవ్వలది కాని జాగ, పొయ్యి వెట్టంగనే అందరిదైందా? పొయ్యి తీస్కపోండ్రి, బండ ఉంచుండ్రి సారూ. మా ఆయనకు కండ్లు సరిగ కనవడయి" అని కాళ్ళావేళ్ళా పడింది. బండ లేపి, ఎసరు గిన్నెను గొయ్యిలోకి తన్నారు. బండను లారీ ఎక్కించారు. మూత వేయడం ఇన్నాళ్ళూ చేతకానివాళ్ళకు, తీయడం చిటికెలో అయిపోయింది.

"రేపు మీ రాష్ట్రం మీకొస్తే బాగుపడుతుందేమోనమ్మా" అన్నాడు జోగారావు.

"రావాలె, వస్తది. గని గా కుర్చీలల్ల మళ్ళ గీళ్ళే కూసుంటరు గద! థూ!"

పొద్దు వాలింది. కర్ర చప్పుడు వినబడింది. అండాలమ్మ పీట తెచ్చి, ఆ కంపులోనే, గొయ్యికి అడ్డంగా కూర్చుంది. దశరథ కర్ర వచ్చి ఆమె మోకాలికి తగిలింది.

"గీడ బండ ఉండాలె. యాడవోయింది?"

"ఎత్కపోయిన్రు. గిప్పుడు నేనే బండను. జర పక్కకెల్లి రా."