ఆమెన్ వినిపించని ఆదివారం

మా పల్లెకి, అంటే ఊరివాళ్ళు అంటరానివాళ్ళని దూరం పెట్టిన మా పేటకి, దొరసాని వచ్చినప్పుడు ఆవిడకి తెలుగు నేర్పే పని నా నెత్తిన పడింది. యాభైల చివరి రోజులవి. గుంటూరులో టీచరు ట్రైనింగ్ ముగించుకుని, ఉద్యోగం ఇంకా రాక, ఇంట్లో మా అమ్మతో రోజూ ఏదో ఒకదానికి పోట్లాడుతూ కూర్చున్నాను. మా నాన్నగారు పల్లెలో బడికి పంతులు, ఆదివారం గుడిలో వాక్యం చెప్పే ఉపదేశి. రెండు పనులకీ ఒకటే పెంకుల కొట్టం. వారమంతా పిల్లలు ఎక్కాలు వల్లించిన చోటే ఆదివారం పెద్దవాళ్ళు మోకరించేవాళ్ళు.

దొరసాని నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. ఎక్కడో మంచు కురిసే దేశం నుంచి మిషను పని మీద ఓడ ఎక్కి వచ్చి, మా ఇంట్లోనే బస చేసింది. ఓడలో ఉన్నన్నాళ్ళూ తెలుగు బైబిలు పట్టుకుని కూర్చుందట, అందుకని ఆవిడ నోట వచ్చే ప్రతి మాటా మోషే మాట్లాడినట్టు ఉండేది. మా అమ్మతో “నేను మిక్కిలి ఆకలిగొనియున్నాను” అనేది. దారికి అడ్డంగా నిలబడ్డ గేదెతో “దయచేసి తప్పుకొనుడి” అనేది. గేదె తప్పుకునేది కాదు. నేను పైట నోట్లో కుక్కుకుని నవ్వుకునేదాన్ని.

నిజం చెప్పాలంటే ఆవిడ మీద నాకు మొదట్లో భక్తి లేదు, భయమూ లేదు. నల్లరేగడి నేలలో తెల్ల గౌను వేసుకుని తిరిగే మనిషి మా ఎండాకాలం దాకా ఉంటుందని నేననుకోలేదు. దేవుడంటే కూడా నాకు అప్పటికి ఇంట్లో మనిషే. పొద్దునా సాయంత్రం నాన్నగారి ప్రార్థన వినీ వినీ, అది మజ్జిగన్నం అంత మామూలైపోయింది.

ఆ ఏడు కోటప్పకొండ తిరునాళ్ళ అయిపోయి, ప్రభలు కట్టిన బండ్లు తిరిగొచ్చేనాటికే మా మంచినీళ్ళ బావి అడుగంటింది. ఆడవాళ్ళు పొలాలకి అడ్డం పడి, ఎక్కడో ఉన్న వాగు చెలమ నుంచి నీళ్ళు మోసుకొచ్చేవాళ్ళు. ఒకరోజు దొరసాని కూడా బిందె పట్టుకుని వాళ్ళ వెంట వెళ్ళింది. సగం నీళ్ళు గౌను మీద పోసుకుని, మిగతా సగంతో ఇంటికొచ్చి, అరుగు మీద కూలబడి ఏడ్చింది. కాళ్ళు నొప్పెట్టి కాదు. వాళ్ళు రోజూ ఇంత దూరం నడుస్తారా అని.

ఆ ఆదివారం నాన్నగారు ఆవిడని ప్రార్థన చేయమన్నారు. తెలుగులో నలుగురి ముందు చేయడం అదే మొదటిసారి. లేచి నిలబడింది. “ప్రభువా, ఈ స్త్రీలు నీళ్ళ కొరకు బహు దూరము నడుచుచున్నారు. ఆకాశమును తెరచి ఈ వారమే మా మీద వర్షము కురిపించుము” అంది. ఎంత మనసుపెట్టి అడిగిందో గొంతులోనే తెలిసిపోయింది.

మా గుడిలో ఆమెన్ అంటే మామూలుగా ఉండదు. ఆరు రోజులు రైతుల పొలాల్లో తల వంచుకుని పనిచేసే జనం అక్కడే గొంతు విప్పేది. ఆ అరుపుకి వాసాల మీద కాపురం పెట్టిన పావురాలు ప్రతి ఆదివారం లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్ళీ వచ్చి కూర్చునేవి. ఆ రోజు ఒక్కరు కూడా ఆమెన్ అనలేదు. పావురాలు కదల్లేదు. నాన్నగారు దగ్గి, గబగబా పాట ఎత్తుకున్నారు.

గుడి అయ్యాక ఆవిడ నా చెయ్యి పట్టుకుని, “నేనేమి తప్పు మాట పలికితిని?” అని అడిగింది. మాటలో తప్పేం లేదని చెప్పి, చెరువు గట్టు అవతలి కళ్ళానికి తీసుకెళ్ళాను. ఊళ్ళో రైతులవీ, కౌలు చేసే మా పల్లెవాళ్ళవీ మిరపకాయలన్నీ కోసి తెచ్చి ఆరబోసేది అక్కడే. కంటికి ఆనినంత మేరా ఎరుపు. “ఆరుతున్న కాయ మీద వాన పడిందంటే రంగు చచ్చి తెల్లబోతుందండి. దాన్ని తాలుకాయంటారు. బేరగాళ్ళు దాని మొహం కూడా చూడరు. మాకు వాన కావాలి, ఇప్పుడు మాత్రం కాదు” అన్నాను. ఆవిడ మొహం కళ్ళంలో కాయలతో పోటీపడింది. ఇద్దరం నవ్వేశాం. మండే ఎండలో వాన ఎక్కణ్ణించి వస్తుందిలెమ్మన్నాను.

ఆ వారంలోనే వచ్చింది. మిట్టమధ్యాహ్నం, చాపలు కప్పే వ్యవధి కూడా ఇవ్వకుండా దంచింది.

కళ్ళంలో పల్లపు మూలన ఉన్న కాయలు మా పల్లెలోని ఒక ముసలామెవి. కొడుకు పోయాడు. పుట్టినప్పటి నుంచీ కూలికి పోయిన మనిషి, ఆ ఏడే మొదటిసారి కోడలితో కలిసి అరెకరం కౌలుకు తీసుకుని సొంతంగా మిరప వేసింది. ఈ పంట గట్టెక్కితే ఆ పొలం చెక్క మరుసటేడు కూడా ఆవిడ చేతిలో ఉంటుంది. లేకపోతే మళ్ళీ ఒకరి చేలో కూలే. మొదటి కోత కాయలన్నీ ఆ నీళ్ళలో తేలాయి. ఆవిడ తిన్నగా మా అరుగు దగ్గరికి వచ్చి దొరసాని ఎదురుగా నిలబడింది.

“దేవుణ్ణడిగే ముందు మమ్మల్నొక్క మాట అడగొచ్చుగా అమ్మాయ్! నువ్వడిగితివి, ఆయనిచ్చె. మధ్యలో మునిగింది నా కొంప!”

ఆ రోజు నుంచి ఆవిడ ప్రార్థన మానేసింది. అన్నం ముందు కళ్ళు మూసుకునేది కాదు, కంచం వైపు చూస్తూ కూర్చునేది. మూడు వారాలు గడిచాక, పాఠం మధ్యలో ఒకసారి నన్ను అడిగింది: “టీచరుగారూ, ఆయన నా మాట వినలేదా? విననియెడల నేను ఇంత దూరము ఎందుకు వచ్చితిని? వినినయెడల ఆ పెద్దమ్మగారికి ఇట్లు ఎందుకు చేసెను?” ఉపదేశి కూతురిని, పుట్టినప్పటి నుంచీ గుడిలోనే పెరిగినదాన్ని, పాఠం పుస్తకం మూసేశాను. ఆ పుస్తకాల తెలుగుకి ఆ రోజు నాకు నవ్వు రాలేదు. ఆదివారం దాకా ఉండి, గుంటూరు మిషను బంగళాకి వెళ్ళిపోతానంది. అక్కణ్ణించి ఓడ ఎక్కి ఇంటికే.

శనివారం పొద్దున రెండో కోత కాయలు కళ్ళం మీద ఎండి గలగలమనే దశకి వచ్చాయి. ఉన్నట్టుండి పడమర నుంచి మళ్ళీ మబ్బు లేచింది. ఆ వెనకే ఊళ్ళో రైతులు మా పల్లెలోకి వచ్చారు.

ఇది ఎంత మాటో ఇప్పటివాళ్ళకి తెలియదు. పాలేరుని పిలవాలన్నా పల్లె మొదట్లో నిలబడి కేకేసేవాళ్ళే తప్ప, రైతు అన్నవాడు మా గడపల దాకా వచ్చింది నేనెరగను. అలాంటిది చెప్పులు విడిచి, తలగుడ్డలు చేత్తో పట్టుకుని మా అరుగు ముందు నిలబడ్డారు. మిరపకాయల బేరానికి వచ్చిన సాయిబు గారు కూడా వాళ్ళతో ఉన్నారు.

“అమ్మా, మీరు తెప్పించిన వాన. మీరే ఆపాల” అన్నాడు పెద్దరైతు. ముసలామెకి కౌలుకిచ్చింది ఆయనే.

“నేను తెప్పించలేదు. నేను వర్షమునకు యజమానురాలిని కాను.”

“అట్టంటే ఎట్టాగమ్మా? మీరడిగారు, వచ్చింది. ఒక్క మాట అనండి, అది పోద్ది.”

దొరసాని మబ్బు వైపు చూసింది. నేను ఆవిడ పెదాల వైపు చూస్తున్నాను. అంటుందా? అన్నాక మబ్బు పోతే ఈవిడ మా జిల్లాకి కొత్త దేవత. అన్నాక కూడా పోకపోతే మా గుడి తలుపులు మూసుకోవాల్సిందే. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. మెట్లు దిగి, ఆ మనుషుల మధ్య నుంచే కళ్ళం వైపు పరుగెత్తింది.

మేమంతా ఆవిడ వెనక పరుగెత్తాం. దొరసాని ముసలామె కాయల దగ్గర కూర్చుని వాటిని రెండు చేతులతో కుప్పకి తోయడం మొదలుపెట్టింది. ఆ కాయలు చేత్తో పట్టుకుంటే ఏమవుతుందో ఆవిడకి తెలియదు, చెప్పినా వినే స్థితిలో లేదు. ఈదురుగాలి లేచింది. చాపలు, గోనెపట్టాలు, దుప్పట్లు, ఏది దొరికితే అది కప్పాం. సాయిబు గారు తన ఖాళీ గోనెలన్నీ విప్పి పరిచేశారు. మిరప ఘాటుకి ఊరనీ లేదు పల్లెనీ లేదు, అందరం తుమ్ములే తుమ్ములు.

మబ్బు మా నెత్తి మీదికి వచ్చింది. నాలుగు చినుకులు రాల్చింది. అంతే, ఎవరో పక్కకి లాగినట్టు తూర్పుకి జరిగిపోయింది.

కళ్ళమంతా ఒక్కసారి అరిచింది. పెద్దరైతు దొరసాని కాళ్ళకి దండం పెట్టబోయాడు. నేనూ నమ్మాను, దాచుకోవడం ఎందుకు. ఆవిడ మాత్రం మా ఎవరి వైపూ చూడటం లేదు. తూర్పున నేలకీ ఆకాశానికీ మధ్య వేలాడుతున్న వాన తెర వైపు చూస్తోంది.

“టీచరుగారూ, అచ్చట ఏ ఊరున్నది?”

పొరుగూరి పేరు చెప్పాను.

“అచ్చట కూడా కాయలు ఆరబోసియుందురా?”

బండలాగుడు పందెంలో ఎడ్ల గురించి మొదలైన తగాదా కొట్లాటలోకి దిగి, ఆ ఊరికీ మా ఊరికీ మాటల్లేకుండా పోయాయి. “ఆళ్ళ సంగతి మనకెందుకులేమ్మా” అన్నాడు పెద్దరైతు.

“ఆ మేఘమును నేను ఇచ్చటి నుండి తోలితినని మీరు చెప్పుచున్నారు. అయితే అది వారి మీదికి పోయినది. నేను పోవలెను.”

అని బయలుదేరింది. చేతులు అప్పటికే కందిపోయి ఉన్నాయి. ఒంటరిగా, తల మీద కొంగు కూడా లేని మనిషి, పత్తి చేల మధ్య బాటలో చకచకా నడిచిపోతోంది. నేను కదల్లేకపోయాను. భయమో సిగ్గో కాదు. దేవుడి గురించి చిన్నప్పటి నుంచీ విన్న మాటలన్నీ ఒక్కసారిగా లేచి, గౌను తొడుక్కుని నా కళ్ళ ముందు నడిచిపోతున్నట్టుంది.

మొదట కదిలింది ముసలామె. తన కాయల మీద అప్పుడే కప్పిన చాపలు తీసి చుట్టసాగింది.

“అత్తా! మన కాయలు!” అని కోడలు చాప కొస పట్టుకుంది.

“వదలవే. మబ్బు ఆళ్ళ మీదుంది. మన మీద లేదుగా.”

చాపల చుట్ట నెత్తిన పెట్టుకుని ఆవిడ కూడా బాట పట్టింది. మొదటి కోత పోగొట్టుకున్న మనిషి, రెండో కోతని ఆకాశం కింద బట్టబయలు వదిలేసి వెళ్ళిపోతోంది. దాంతో మిగతా ఆడవాళ్ళు కదిలారు. పెద్దరైతు కాసేపు అలాగే నిలబడి, ఎవరినో తిట్టుకుంటూ బండి పూన్చాడు. సాయిబు గారు గోనెలు అందులోకి విసిరారు. ఆ బండిలో రైతు పక్కన నేను కూర్చున్నాను. అలా కూర్చోకూడదని ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు.

పొరుగూరి పొలిమేరలో రేగడి చక్రాలకి చుట్టుకుని బండి ఆగిపోయింది. దిగి, మోకాళ్ళదాకా బురదలో నడిచాం. మమ్మల్ని చూసి వాళ్ళు కర్రల కోసం చూశారు. ముసలామె చాప విప్పి వాళ్ళ కాయల మీద కప్పేదాకా మేమెందుకొచ్చామో వాళ్ళకి అర్థం కాలేదు. తర్వాత మాటల్లేవు, పనే. వాళ్ళ కాయలు సగం పోయాయి, సగం దక్కాయి.

వాన వెలిశాక ఆ ఊరి ఇల్లాలొకామె గిన్నెలో వెన్న తెచ్చి దొరసాని చేతులకి రాసింది. ఆ మంటకి ఆవిడ కళ్ళవెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. “ఎవరమ్మా ఈవిడ?” అని అడిగిందా ఇల్లాలు.

“మా పల్లె పిల్ల” అంది ముసలామె.

ఇంటికొచ్చేసరికి ముసలామె కాయలు పొడిగానే ఉన్నాయి. ఆ అరెకరం ఆవిడ చేజారలేదు. అది దేవుడి పనా, గాలి పనా అని నన్ను ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. నేను మబ్బుని చూసి ఆశ్చర్యపోయింది కాసేపే. చాపలు చుట్టి నెత్తిన పెట్టుకున్న ఆ ముసలామెని చూసిన ఆశ్చర్యం ఈ వయసులోనూ తీరలేదు.

మర్నాడు ఆదివారం. గుంటూరు ప్రయాణానికి పెట్టె సర్దే ఉంది. నాన్నగారు పిలవకుండానే దొరసాని చేతులకి గుడ్డలు చుట్టుకుని లేచింది. లేచిందే కానీ కళ్ళు మూసుకోలేదు. ముసలామె కూర్చున్న చాప దాకా నడిచి వెళ్ళి, వంగి, “పెద్దమ్మగారూ, ఈ దినము ఏమి అడగమందురు?” అంది.

ముసలామె ఆలోచించింది. గుడంతా ఆవిడ కోసం ఆగింది.

“ఎండ అడుగమ్మా” అంది చివరికి. “మాకే కాదు. ఆళ్ళక్కూడా.”

దొరసాని అక్కడే, ఆ చాప మీదే మోకరించి, ఆ మాటే అడిగింది. ఒక్క మాట చేర్చలేదు. మేం ఆమెన్ అన్నాం. పావురాలు లేచిపోయాయి, చాలాసేపు తిరిగి రాలేదు.