గుండిగ మీది స్టిక్కర్

పగ పెట్టుకోకూడదని మా అమ్మ చెబుతూ ఉండేది. ఆవిడ మాట చాలా విషయాల్లో విన్నాను, ఈ ఒక్కదాంట్లో వినలేదు. మా తెలుగు సంఘం అధ్యక్షుడి మీద ఏడాది పాటు పగ పెట్టుకుని, దాన్ని చంటిపిల్లలా సాకాను. అందుకు ఈ రోజుకీ నాకు బాధ లేదు.

ఉగాది రోజున మొదలైందది. ఎష్‌బోర్న్ అనే జర్మన్ ఊరి చుట్టుపక్కల ఆఫీసుల్లో పనిచేసే తెలుగు కుటుంబాలన్నీ కలిసి ఏటా ఒక హాలు అద్దెకు తీసుకుని పండగ చేసుకుంటాం. పూజ, పంచాంగం, పిల్లల పాటలు, ఆ తర్వాత భోజనాలు. పులిహోర ఎప్పుడూ నాదే. ఆ రోజు కూడా పెద్ద బేసిన్‌లో అన్నం ఆరబెట్టి, పులుసు వేసి, చేత్తో కలుపుతున్నాను. అధ్యక్షుడు వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఆయన్ని అందరూ డాక్టరుగారనే అంటారు. మాలో చాలామంది పుట్టకముందే గుంటూరు నుంచి ఈ దేశం వచ్చిన మనిషి. జర్మన్లే మెచ్చుకునేంత జర్మన్ మాట్లాడతారని పేరు.

“అమ్మాయ్, ఏమీ అనుకోమాక,” అన్నారు. “ఇది నైవేద్యం పెట్టేది కదా. జూదగాడి ఇంటి చెయ్యి దీంట్లో పడకూడదు. నువ్వెళ్ళి పిల్లల దగ్గర కూర్చోమ్మా.”

మా ఆయన కొన్నాళ్ళు క్యాసినో మెషీన్లకు అలవాటు పడిన మాట నిజం. ఇంట్లో నరకం చూశాం, అదీ నిజమే. కానీ చివరికి తనంతట తనే కౌన్సెలింగుకు వెళ్ళాడు. మళ్ళీ వస్తే లోపలికి రానివ్వకండని క్యాసినో వాళ్ళకు తనే చెప్పి, తన పేరు రాయించుకున్నాడు. తెలిసినవాళ్ళ దగ్గర దాచకుండా ఉంటే కాలు మళ్ళీ అటు పోదని కౌన్సెలింగులో అన్నారట. సరేనని సంఘంలో ఇద్దరు ముగ్గురు స్నేహితులకు చెప్పుకున్నాడు. వాళ్ళు ఇంకో పదిమందికి చెప్పారు. నిజం చెప్పిన మనిషికి దొరికిన మర్యాద అది.

చేతికి పసుపు, పులుసు అంటుకుని ఉండగానే నేను బయటికి వచ్చాను. ఒక్క ఆడమనిషి కూడా, “అదేంటండీ,” అని అనలేదు. నేను కలిపిన అన్నాన్ని బేసిన్‌తో సహా ఒకావిడ తీసుకెళ్ళి, వెనకాల తిండి చెత్త వేసే బయో డబ్బాలో కుమ్మరించింది. అది నేను కిటికీలోంచి చూశాను. మనిషిని తిట్టినా మర్చిపోతానేమో కానీ అన్నం పారబోస్తే మర్చిపోను.

ఆ తర్వాత మా ఆయన సంఘం వైపు రాలేదు. నేను మాత్రం మానలేదు. మానేస్తే వాళ్ళు గెలిచినట్టే. దీపావళికి వెళితే వంటగదిలో తళతళా మెరిసే కొత్త గుండిగలు, గరిటెలు, పెద్ద గ్రైండరు కనిపించాయి. మన సంస్కృతికి ప్రభుత్వం ఇచ్చిన కానుక అని డాక్టరుగారు మైకులో చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. వండడానికి పనికిరాని నా చెయ్యి తోమడానికి మాత్రం పనికొచ్చింది. భోజనాలయ్యాక ఆడవాళ్ళు సింకు దగ్గర నన్ను నిలబెట్టి, “నువ్వైతే శుభ్రంగా తోముతావు,” అన్నారు.

తోముతుంటే ఒక గుండిగ పక్కన బంకగా తగిలింది. కత్తితో గీకేసిన స్టిక్కర్ అది. సగం ఊడింది, సగం మిగిలింది. మిగిలిన సగం చూడగానే గుర్తుపట్టాను. నేను పనిచేసే కీటాలో, అంటే పసిపిల్లల బడిలో, కొత్త ఊయలకు అదే స్టిక్కర్ ఉంటుంది. క్యాసినోల నుంచి వచ్చే పన్నులో కొంత ఇక్కడి రాష్ట్ర ప్రభుత్వం ఇలా బడులకూ సంఘాలకూ ఇస్తుంది. తీసుకున్నవాళ్ళు ఆ సొమ్ము ఎక్కడిదో చెప్పే స్టిక్కర్‌ను వస్తువు మీద అందరికీ కనపడేలా అంటించాలి.

గురివింద గింజ తన నలుపెరగదంటారు. మా డాక్టరుగారికి తన నలుపు బాగానే తెలుసు. తెలిసే గీకారు. సబ్బు నురుగులో చేతులు పెట్టుకుని నాలో నేను నవ్వుకున్నాను. ఆడవాళ్ళు చాలామంది ఐటీ వాళ్ళు, ఆఫీసులో అంతా ఇంగ్లీషే. జర్మన్‌లో ఉన్న స్టిక్కర్‌ను ఎవరు చదువుతారని ఆయన ధీమా. అప్పుడే అరిచి గోల చేయొచ్చు. చేస్తే ఆ రోజుతో అయిపోయేది. నాకు ఉగాదే కావాలి. నా అన్నం పారబోసింది ఉగాదినాడు.

గ్రాంట్ల ఆఫీసులో పనిచేసే ఒకావిడ మా ఊయలను చూడడానికి అప్పుడప్పుడు కీటాకి వస్తుంది. ఈసారి వచ్చినప్పుడు టీ ఇచ్చి, “మా తెలుగు సంఘానికి గుండిగలు ఇచ్చింది మీరేగా, ఉగాదికి భోజనానికి రండి,” అన్నాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. అందరూ ఫోటోకి పిలుస్తారు కానీ తిండికి ఎవరూ పిలవరట. ఆవిడే డాక్టరుగారికి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పింది. వద్దనడానికి ఆయన దగ్గర ఏ సాకూ లేకపోయింది.

ఉగాది ముందు రోజు మా ఆయనతో చెప్పాను, “రేపు నువ్వు గూడ రావాలె.”

“నేను రాను. నువ్వు పో.”

“వచ్చి కూసో, చాలు. ఏం మాట్లాడకు.”

నా ముఖం చూసి, ఇస్త్రీకి చొక్కా తీశాడు.

పొద్దున హాలుకి అందరికంటే ముందే వెళ్ళాను. గుండిగకి కొత్త స్టిక్కర్ అంటించి ఉంది. అతిథి కోసం అంటించక తప్పలేదు పాపం. కానీ స్టిక్కర్ ఉన్న వైపు గోడకి తిప్పి పెట్టారు. నేను రెండు చేతులతో పట్టుకుని జనం వైపు తిప్పాను. కాసేపటికి ఎవరో మళ్ళీ గోడవైపు తిప్పారు. నేను మళ్ళీ తిప్పాను.

మా సంఘంలో పులిహోరని అధ్యక్షుడే స్వయంగా వడ్డించాలన్నది ఆనవాయితీ. డాక్టరుగారు పట్టుపంచెలో గుండిగ వెనక నిలబడి అందరికీ వడ్డించారు. మా ఆయన మాత్రం ప్లేటు తీసుకోకుండా చివరి వరసలో కూర్చున్నాడు. జనం తినడం మొదలుపెట్టాక అతిథి లేచి మైకు అందుకుంది. క్యాసినోల్లో రోజూ ఎంతోమంది పోగొట్టుకుంటారనీ, ఆ సొమ్ములోంచి కొంతైనా ఇలా నలుగురి కడుపు నింపితే తనకు సంతోషమనీ జర్మన్‌లో చెప్పింది. మంచి మనిషి. మనసులో ఉన్నది దాచుకోకుండా మాట్లాడింది.

డాక్టరుగారు మైకు తీసుకుని తెలుగులో చెప్పారు. “మన సంస్కృతిని చూసి ముచ్చటపడి ఈ ప్రభుత్వం వారు మనకీ కానుక ఇచ్చారని మేడంగారు అంటున్నారు.”

ముందు వరసలో కూర్చున్న పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకి తెలుగు కంటే జర్మనే బాగా వచ్చు. ఒక పిల్ల గట్టిగా, “దస్ హాట్ జీ గార్ నిష్ట్ గెజాక్ట్!” అంది. ఆవిడ అలా అననే లేదు అని. పిల్లలందరూ పకపకా నవ్వారు. వాళ్ళమ్మ నోరు మూయించబోయింది.

నేను లేచాను.

“సార్, కొంచెం మర్చిపోయిండ్రు. మిగిలింది నేను చెప్త,” అన్నాను. “క్యాసినోల జనం పోగొట్టుకున్న పైసల మీద పన్ను తీస్తరు. ఆ పైసలతోనే ఈ గుండిగలు కొన్నరు. మీరు తింటున్న పులిహోర దీంట్లనే కలిపిండ్రు. నమ్మకుంటే వచ్చి స్టిక్కర్ చదువుకోండ్రి, నేనే ఇటు తిప్పి పెట్టిన.”

డాక్టరుగారు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయారు. పోయిన ఉగాదికి నా అన్నాన్ని మోసుకెళ్ళి పారబోసిన ఆవిడ చేతిలో ముద్ద అలాగే ఆగింది. ఆవిడ ప్లేటు చెత్తడబ్బాలో వేస్తుందా అని చూశాను. వెయ్యలేదు. ముద్ద నోట్లో పెట్టుకుంది. ఎవరూ తిండి మధ్యలో లేవలేదు, ఒక్కరు కూడా. నా చెయ్యి తగిలితే అంటైన అన్నం, క్యాసినో సొమ్ముతో కొన్న గుండిగలోంచి వస్తే అందరి గొంతులోంచీ హాయిగా దిగింది. వాళ్ళందరినీ ఒక్కొక్కరినే కళ్ళలోకి చూశాను. నాకెంత తృప్తిగా ఉందో చెప్పలేను.

అప్పుడు చివరి వరసలో కుర్చీ జరిగిన చప్పుడైంది. మాట్లాడొద్దని తీసుకొచ్చిన మా ఆయన లేచి, ఖాళీ ప్లేటు తీసుకుని, హాలు మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్ళి డాక్టరుగారి ముందు నిలబడ్డాడు. ప్లేటు చాచాడు.

“గీ గుండిగల నా పైసలు గూడ ఉన్నయ్ సార్,” అన్నాడు మెల్లగా. “జర నిండుగ వెయ్యిండ్రి.”

డాక్టరుగారు గరిటె ముంచి వేశారు. మా ఆయన ప్లేటు వెనక్కి తీసుకోలేదు. ఇంకో గరిటె వేశారు. మూడోది వేసేటప్పుడు మెతుకులు ఆయన పట్టుపంచె మీద పడ్డాయి. మా ఆయన అక్కడే నిలబడి తినడం మొదలుపెట్టాడు. ఏడాదిగా నేలచూపులు చూసిన మనిషి, తలెత్తి, నెమ్మదిగా నములుతూ తిన్నాడు.

నేనూ ఒక ప్లేటు తీసుకుని మా ఆయన పక్కన నిలబడి పెట్టించుకున్నాను. నోట్లో పెట్టుకుని చూస్తే పులుపు చాల్లేదు. ఆ మాట కూడా అందరికీ వినపడేలా చెప్పాను.