జాన్ సాహెబ్ ఉండగా మొక్కకు నీళ్లా?

మా సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో ఎవరైనా మొక్కకు నీళ్లు పోస్తే జాన్ సాహెబ్ ప్రాణం విలవిల్లాడేది. మనుషులు ఒకరినొకరు తిట్టుకున్నా, జుట్లు పట్టుకున్నా ఆయనకు పట్టదు. చెంబు పట్టుకుని కుండీ వైపు రెండడుగులు వేశారా, వీధి ఆ చివర ఉన్నా సరే, లుంగీ ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చేవాడు. "ఆగు! ఆగు! ఖూన్ చేస్తున్నవ్!" అని ఆయన పెట్టే కేకలకు, వీధికి కొత్తగా వచ్చినవాళ్లు నిజంగానే ఖూన్ జరుగుతోందనుకుని తలుపులు వేసుకున్న సందర్భాలున్నాయి.

ఆయన తిరుమలగిరిలో ఒక ఇంగ్లీషు దొర బంగళాలో ఇరవై ఎనిమిదేళ్లు తోటమాలిగా పని చేశాడు. నలభై ఏడులో ఆ దొరసాని పెట్టెలు సర్దుకుంటూ పియానోను ఒకరికి, కుక్కను మరొకరికి ఇచ్చి, దళసరి ఆకుల మొక్కలు అరవై డబ్బాలు జాన్ సాహెబ్ చేతిలో పెట్టి వెళ్లిపోయింది. ఎండలకు భయపడి ఆకుల్లోనే నీళ్లు దాచుకునే జాతి అది. వాటి ఇంగ్లీషు పేర్లు నోరు తిరక్క ఆయనే పేర్లు పెట్టుకున్నాడు: రాతిపువ్వు, గుండుపిల్ల, ఎలుకతోక. ఆ డబ్బాలను తోపుడుబండి మీద పేర్చి బజార్‌లో అమ్మేవాడు. అమ్మేవాడంటే పూర్తి నిజం కాదు. కొన్నవాళ్లకు మొక్కతో పాటు ఆయన కూడా వచ్చేవాడు.

నాకూ అలాగే వచ్చాడు. అప్పటికి నాకు పెళ్లయి ఆరు నెలలు. పొద్దున ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పేదాన్ని. మా ఆయన లూకా రైల్వే గార్డు. ఒకసారి బండెక్కితే నాలుగు రోజులకు గానీ ఇల్లు చూడడు. ఇంట్లో ఏదైనా పచ్చగా ఉంటే బాగుంటుందని ఒక రాతిపువ్వు కొన్నాను. ఎండన పడి వచ్చింది పాపమని చెంబు వంచబోయాను. గుమ్మంలో జాన్ సాహెబ్!

"ఏం చేస్తున్నవ్ బిడ్డా?"

"మొక్కకు దూపైతదని, చాచా."

"దూప దానికి కాదు, నీకు. తాగు."

భయపడి గటగటా తాగేశాను. ఆయన తృప్తిగా వరండాలో చతికిలబడి, రాతిపువ్వు ఉన్న డబ్బాను ఒళ్లో పెట్టుకున్నాడు.

"చూడు, ఈ మన్ను ఎట్లున్నది?"

"తడిగున్నది."

"తడి కాదు, బురద. మొన్న వాన పడ్డది. డబ్బకు కింద బొక్క లేదు. గిట్లనే ఉంటే వారంల ఏర్లు కుళ్లి సచ్చిపోతది."

"మరి మీరే అమ్మిండ్రు కదా!"

"అందుకే కదా, నేనే వచ్చిన!"

డబ్బా పక్కల మీద నాలుగు దెబ్బలు తట్టి, మొక్కను పసిబిడ్డను తీసినట్టు బయటికి తీశాడు. వేర్లకు అంటుకున్న మట్టంతా వేళ్లతో రాల్చాడు. నల్లబడి మెత్తగా ఉన్న వేర్లను చాకుతో కోసేశాడు. తర్వాత ఆ బోసి మొక్కను ఒక పాత కాగితం మీద పడుకోబెట్టి, "మూడు దినాలు నీడల ఉండనియ్యి. ముట్టుకోకు" అన్నాడు.

"మన్ను లేకుంటనా?"

"గాయాలు ఎండాలె బిడ్డా. కాలు కోసుకున్న మనిషిని తీస్కపోయి బురదల నిలబెడ్తవా?"

మూడో రోజుకు ఒక సంచి మోసుకుని వచ్చాడు. నేను ముచ్చటపడి కొన్న పెద్ద కుండీని చూసి నవ్వాడు. "దీంట్ల మొక్క పెడ్తవా, పెండ్లికి బువ్వ వండుతవా? ఏర్ల చుట్టూ రెండు వేళ్ల జాగ చాలు. పెద్ద కుండల తడి ఆరదు" అంటూ, అడుగున బొక్క ఉన్న చిన్న మట్టికుండీని సంచిలోంచి తీశాడు. రెండు దోసిళ్ల దొడ్డు ఇసుక, దోసెడు నలగ్గొట్టిన ఇటుక, పిడికెడు బొగ్గుముక్కలు, ఇంకో పిడికెడు ఆకుల ఎరువు. అన్నీ కలిపి, మొక్కను నిలబెట్టి దాని మెడ దాకా నింపి, పైన గులకరాళ్లు పరిచాడు.

"ఇగ నీళ్లు?" అన్నాను మెల్లగా.

ఆయన చూసిన చూపుకు నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"వారం."

"వారానికొకసారా?"

"వారమైనంక అడుగు. పొయ్యాలెనో వద్దో అప్పుడు చెప్త."

అది మొదలు రోజూ పొద్దున ఆయన మా వరండాలో ప్రత్యక్షం. కుండీలో చూపుడువేలు గుచ్చడం, వేలును ముక్కు దగ్గర పెట్టుకోవడం, నా మొహంలోకి అనుమానంగా చూడడం, వెళ్లిపోవడం. డాక్టర్లు రోగిని కూడా అంత శ్రద్ధగా చూడరు.

ఈ వేలికి అసలు ప్రత్యర్థి మా పక్కింటి బుచ్చమ్మ పెద్దమ్మ. ఒంటి మనిషి. మోదుగాకుల విస్తళ్లు కుట్టి బజార్‌లోని హోటళ్లకు వేసేది. ఆమెకు గుండుపిల్ల దొరికింది. కళ్లముందు ఒక ప్రాణం ఎండుతుంటే చూస్తూ ఊరుకునే మనిషి కాదామె. జాన్ సాహెబ్ అటు తిరగ్గానే ఇటు నీళ్లు పోసేది.

"అక్కా, నీళ్లు పోసినవా?"

"నేనా? నా మీద ఒట్టు, ఒక్క చుక్క పొయ్యలే."

"మరి మన్ను ఎందుకు తడిగున్నది?"

"నీ బాధకు ఏడ్సినట్టున్నది అది!"

ఇద్దరూ అరగంట పోట్లాడుకునేవారు. ఆ తర్వాత ఆయన విసుక్కుంటూనే మొక్కను పెరికి, వేర్లు కోసి, మూడు రోజులు ఆరబెట్టి, కొత్త ఇసుకలో నాటేవాడు. నలభై ఎనిమిది జూన్ నుంచి ఆగస్టు లోపల ఆ గుండుపిల్లకు ఏడుసార్లు కుండీ మారింది. మా వీధిలో అద్దెకున్నవాళ్లు కూడా అన్నిసార్లు ఇల్లు మారలేదు.

ఇక వాన వస్తే చెప్పనే అక్కర్లేదు. మొదటి చినుకు పడగానే "కుండీలు చూరు కిందికి! చూరు కిందికి!" అని వీధి పొడుగునా అరుచుకుంటూ పోయేవాడు. ఆ కేక విని ఆడవాళ్లందరూ ఆరేసిన బట్టలు, వడియాలు, మిరపకాయలు లోపలికి తెచ్చుకునేవారు. ఆయన ఇంట్లో మాత్రం మంచం, పరుపు తడిసి ముద్దయ్యేవి. ఆయన భార్య పీరాంబీ ఆ పరుపు పిండుతూ, "ఈయనకు మొక్కనై పుట్టినా బాగుండె" అనేది.

సెప్టెంబర్ వచ్చింది. నిజాం రాజ్యంలోకి యూనియన్ సైన్యం వస్తోందన్నారు. లూకా అప్పటికి రెండు రోజుల ముందే బండెక్కాడు. బండ్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆయన ఎక్కడున్నాడో తెలియదు. బడి మూసేశారు. దుకాణాలు మూసేశారు. ఆకాశంలో విమానాల మోత. రజాకార్లు వస్తున్నారని ఒకరు, అన్నీ తగలబెడతారని మరొకరు. వీధిలో తలుపులన్నీ బిగుసుకున్నాయి. నిన్నటిదాకా పిండి, చక్కెర ఇచ్చిపుచ్చుకున్నవాళ్లు కూడా ఒకరి గడప ఒకరు తొక్కడం మానేశారు.

జాన్ సాహెబ్ మానలేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చేవాడు.

"చాచా, గీ టైంల మొక్క కోసం తిరుగుతున్నవా?" అన్నాను తలుపు సందులోంచి.

"గాలిల తడి ఎక్కువున్నది బిడ్డా. గిప్పుడే జెర కనిపెట్టుకోని ఉండాలె."

వచ్చి ఊరికే పోయేవాడూ కాదు. వీధి వైపు మొహం పెట్టి, మా మెట్ల మీద కూర్చుని గంటలకొద్దీ ఇసుక జల్లించేవాడు. జల్లించిన ఇసుకనే మళ్లీ జల్లించేవాడు. ఆ గరగర శబ్దానికి నాకు ఒళ్లు మండేది. చిత్రమేమిటంటే, రాత్రంతా పట్టని నిద్ర ఆ శబ్దం వింటుంటేనే పట్టేది.

ఒకరోజు చేతులనిండా మసితో వచ్చాడు. "స్టేషన్ కాడికి పోయిన, బొగ్గు ఏరుకొద్దామని" అన్నాడు నా వైపు చూడకుండా. "అక్కడ ఎవరో అంటుంటే చెవుల పడ్డది. డోర్నకల్ల ఆగిన గార్డు సాబులందరు మంచిగనే ఉన్నరట. మీ లూకా సుత." అని, నేను ఏడవడం మొదలుపెట్టేలోపు కుండీలో వేలు గుచ్చి, "నీళ్లు పోసినవా?" అని గద్దించాడు.

బుచ్చమ్మ పెద్దమ్మకు వేరే చిక్కొచ్చింది. హోటళ్లు మూతపడ్డాక విస్తళ్లు ఎవరికి కావాలి? పొయ్యి వెలిగిందో లేదో ఎవరికీ చెప్పే మనిషి కాదు. ఒక సాయంత్రం గోడ మీదుగా నన్ను పిలిచింది.

"మార్తా, ఈ జాన్ సాబ్‌కు మతి పోయిందే. కుండీల పొయ్యమని ఇసుక సంచి ఇచ్చిండు. ఇప్పి చూస్తే జొన్నలు."

"మరి వాపసు ఇచ్చినవా?"

"ఇయ్యవోతే లొల్లి చేస్తడు. జొన్నలు కలిస్తే మొక్క సస్తదట, నా సంచిల పెట్టకు, నువ్వే ఏమన్న చేస్కో అన్నడు. పిచ్చోడు! ఇసుకకు జొన్నలకు ఫరకు తెలుస్తలేదు." ఆమె వెనకాల పొయ్యి మీద జొన్న గటక కుతకుత ఉడుకుతోంది.

అయిదారు రోజుల్లో అంతా ముగిసింది. సైన్యం సికింద్రాబాద్‌కు వచ్చేసింది. వీధిలో ఒక్కొక్క తలుపూ తెరుచుకుంది. ఈసారి మూసుకున్నది జాన్ సాహెబ్ తలుపు. ముస్లింల ఇళ్ల మీదికి వస్తారని ఎక్కడెక్కడి పుకార్లో మోసుకొచ్చి ఆయన చెవిలో వేశారెవరో. ఒక రోజు గడిచింది. రెండో రోజూ రాలేదు. కుండీ పక్కన ఖాళీ మెట్లు చూస్తుంటే నాకు ఏమీ తోచలేదు. మూడో రోజు పొద్దున్నే బుచ్చమ్మ పెద్దమ్మ కొంగు నడుముకు బిగించి వచ్చింది.

"పా పోదాం."

"పిలిస్తే వస్తడా, పెద్దమ్మా?"

"రాకేం జేస్తడు?"

వెనక గల్లీలో ఆయన ఇల్లు. నేను తలుపు తట్టాను. "చాచా, నేను, మార్తను." మళ్లీ తట్టాను. "అందరం ఉన్నం, ఏం కాదు, బయటికి రా." బుచ్చమ్మ పెద్దమ్మ నన్ను పక్కకు నెట్టి, వీధంతా వినబడేలా గొంతెత్తింది.

"జాన్ సాబ్! నీ మొక్కకు రెండు కడవల నీళ్లు పోసిన!"

గడియ ఊడి పడ్డంత చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. నెరిసిన గడ్డం రేగిపోయి, కళ్లు ఎర్రబడి, చేతిలో చాకుతో జాన్ సాహెబ్ నిలబడ్డాడు.

"రెండు కడవలా?"

"రెండు."

"మనిషివా నువ్వు?"

"మనిషినే. నడువు."

ఆయన ముందు, మేమిద్దరం చెరో పక్క, వెనక పీరాంబీ. గల్లీ దాటి, బజార్ మధ్యలోంచి, అందరూ చూస్తుండగా నడిచాం. దారిపొడుగునా బుచ్చమ్మ పెద్దమ్మ అందరికీ వినబడేటట్టు మాట్లాడుతూనే ఉంది. "మా మొక్కల డాక్టర్ సాబ్‌ను తీస్కపోతున్నం. ఎవరికన్న పనుంటే మా ఇంటికి రండ్రి!" ఇద్దరు ముగ్గురు తమ కుండీలు పట్టుకుని నిజంగానే వచ్చారు. తీరా పెద్దమ్మ ఇంటికొచ్చి చూస్తే గుండుపిల్ల కుండీ ఎండి దుమ్ము లేస్తోంది. ఆయన అందులో వేలు పెట్టి, చాలాసేపు తీయలేదు. బుచ్చమ్మ పెద్దమ్మ ఇంకెటో చూస్తూ విస్తరి కుట్టుకుంది.

ఆ వారమంతా మొగుడూ పెళ్లాలిద్దరూ పగలు మా వరండాలోనే ఉన్నారు. ఆదివారం లూకా వచ్చాడు, గడ్డం పెరిగి, నాలుగు కిలోలు తగ్గి. ఆ మధ్యాహ్నం అందరం కలిసి భోంచేశాం. బుచ్చమ్మ పెద్దమ్మ విస్తళ్లు, నా అన్నం, పీరాంబీ ఖట్టీ దాల్. లూకా ముద్ద కలుపుతూ జాన్ సాహెబ్‌తో అన్నాడు:

"చాచా, నేను లేనప్పుడు మా మొక్కను రోజుకు రెండుసార్లు చూసినవట. అంత చూడాల్నా దాన్ని?"

పీరాంబీ పకపకా నవ్వింది. "మొక్కనా? కుండీ మార్చినంక పది దినాలు దాని దిక్కు సుత చూడొద్దని ఆ దొరసానినే కోప్పడెటోడు ఈయన! ఇంట్ల రెండు బస్తాల బొగ్గు పెట్టుకోని స్టేషన్‌కు ఉరికిండు. నా జొన్నల గాబు ఊడ్చి ఊడ్చి ఇసుక సంచిల పోసిండు. ఒంటరిగున్న ఆడోళ్ల ఇంటికి ఊకె పోతే బాగుండదని, గీ మొక్కలొక బహానా!"

బుచ్చమ్మ పెద్దమ్మ చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. అందరం జాన్ సాహెబ్ వైపు చూశాం. ఆయన మొహం కందగడ్డలా ఎర్రబడింది. "దీనికి నోరు ఆగదు" అని గొణిగి, చెయ్యి కడుక్కుని, "ఎండల పెట్టిన ఇసుక ఎత్తాలె, పోతున్న" అంటూ గబగబా మెట్లు దిగి, దొరికినవి కాళ్లకు తొడుక్కుని వెళ్లిపోయాడు.

దొరికినవి లూకా గార్డు బూట్లు. ఆయన పాదాలకు రెండు సైజులు పెద్దవి. గల్లీ మలుపు దాకా టపటపమని వినబడుతూనే ఉంది. లూకా పిలవబోతే నేను మోచేత్తో పొడిచి ఆపాను.

మర్నాడు పొద్దున మా ఆయన ఇస్త్రీ చేసిన తెల్ల యూనిఫాం వేసుకుని, మెడలో ఈల, చంకలో పచ్చజెండాతో, జాన్ సాహెబ్ వదిలిపోయిన అరిగిన తోలుచెప్పులు ఈడ్చుకుంటూ డ్యూటీకి వెళ్లాడు.