యాదమ్మ ముఖం

కరుణా ధ్యానం నేర్చుకుందామని విజయనగరం నుంచి వెళ్ళి తార్నాకలో వారం రోజులు ఉన్నాను. తరగతులు దగ్గర్లోని యూనివర్సిటీ క్యాంపస్‌లో జరిగేవి. మొదటి మూడు రోజులూ మనకు మేలు చేసినవాళ్ళను తలచుకోమన్నారు. నాలుగో రోజు, మనకు ఇష్టమూ కోపమూ లేని ఒక మనిషిని తలచుకుని, సుఖంగా ఉండాలని కోరుకోమన్నారు. నాకు రోజూ దోశలు వేసిచ్చే బండి ఆమె గుర్తొచ్చింది. కానీ ఆమె ముఖం ఎంతకీ గుర్తురాలేదు.

మర్నాడు పొద్దున ఆ ముఖం చూడడానికే వెళ్ళి, పలకరింపుగా నవ్వాను.

"ఏంది సారూ, ఇయ్యాల నవ్వుతున్నరు? మొదటి రోజు దోశ మీద కారం చల్లిన్నని ఎంత తిట్టిండ్రు నన్ను!"

విసుక్కోవడం నాకెంత అలవాటంటే, ఆ సంగతే మరిచిపోయాను.

"కడుపుల మంట అన్నరు గద. గప్పటి సంది మీ దోశకు కారం పెడతలేను. గది గూడ చూడలేదా?"

చూడలేదు. తిని, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయేవాణ్ణి.

"తప్పయిపోయిందమ్మా. నీ పేరేమిటి?"

"యాదమ్మ. ముందు తినుండ్రి సారూ, చల్లారుతది. తప్పులు తిన్నంక ఒప్పుకోవచ్చు."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రోజు తరగతిలో కళ్ళు మూసుకోగానే యాదమ్మ ముఖం స్పష్టంగా కనిపించింది. ఆమెను మాత్రం మేలు చేసినవాళ్ళ వరుసలోకి మార్చుకున్నాను.